సిడ్నీకి కొత్తగా వచ్చారా? ముందు జెండాలు చూడడం నేర్చుకోండి

సిటీ నుంచి 333 బస్సెక్కి బాండైలో దిగితే ముందుగా కనబడేది బీచ్ దక్షిణపు కొస. అక్కడ ఒకచోట అలలు విరగవు. నీళ్లు కాస్త ముదురు రంగులో, నిమ్మళంగా ఉంటాయి. అటూ ఇటూ నురగలు కక్కే కెరటాలు చూసి, ఇక్కడైతే పర్వాలేదనుకుని గుంపంతా అక్కడే దిగుతుంది. సరిగ్గా అదే దిగకూడని చోటు. ఒడ్డుకు కొట్టిన నీళ్లన్నీ తిరిగి సముద్రంలోకి పోయే దారి అది. దాన్ని రిప్ అంటారు. కొత్తగా వచ్చినవాళ్లే ఎక్కువగా చిక్కుకోవడంతో బాండైలో ఆ చోటికి ‘బ్యాక్‌ప్యాకర్స్ రిప్’ అని పేరే పడింది.

సిడ్నీలో మిగతావన్నీ తప్పు చేసి నేర్చుకోవచ్చు. ఇదొక్కటి అలా కుదరదు. అందుకే ఇదే ఎక్కువ చెబుతున్నాను.

సగం ఎరుపు, సగం పసుపు ఉన్న రెండు జెండాలు పాతి ఉంటాయి. ఆ రెండింటి మధ్యే దిగాలి. ఒట్టి ఎర్రజెండా ఉంటే బీచ్ మూసేసినట్టు. అసలు జెండాలే లేకపోతే కాపలా లేనట్టు, మోకాలి లోతుకైనా వెళ్లకండి. బాండైలో ఏడాదంతా లైఫ్‌గార్డులుంటారు. చాలా బీచ్‌లలో సెప్టెంబరు చివరి నుంచి ఏప్రిల్ చివరి వరకే, అదీ పగటిపూటే. దిగాక అలలు మనల్ని పక్కకు నెట్టేస్తుంటాయి, మనకు తెలియదు. నాలుగైదు నిమిషాలకోసారి తలెత్తి జెండాలెక్కడున్నాయో చూసుకోండి. సముద్రాన్ని బట్టి జెండాల చోటు కూడా మారుస్తుంటారు.

“నాకు ఈతొచ్చన్నా” అంటారు. బావిలో, కాలవలో వచ్చిన ఈత వేరు. రిప్‌లో పడి మునిగేవాళ్లలో ఈతొచ్చినవాళ్లూ ఉంటారు. ఎదురీది అలసిపోవడమే కారణం. లాగుతోందనిపిస్తే ఒడ్డువైపు ఈదకండి. వెల్లకిలా తేలండి, ఒక చెయ్యి పైకెత్తి ఊపండి, కేకెయ్యండి. రిప్ కిందికి లాగదు, దూరంగా తీసుకుపోతుంది. బలముంటే ఒడ్డుకు సమాంతరంగా, అలలు విరిగే వైపు కదలండి. స్నేహితుడు కొట్టుకుపోతుంటే వెనకే దూకొద్దు, లైఫ్‌గార్డును పిలవండి. ఎవరూ లేకపోతే ఎమర్జెన్సీ నంబరు 000కి ఫోన్ చెయ్యండి.

ఆర్కే బీచ్‌లో దిగినట్టు జీన్స్‌తోనో చుడీదార్‌తోనో దిగకండి, తడిస్తే కాళ్లు కదలవు. బీరు తాగి అసలే వద్దు. భోజనం, మందు ఏవైనా ఈత అయ్యాకే.

హెలెన్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికెళ్లి, అటునుంచటే స్టాన్‌వెల్ పార్క్ బీచ్‌కి దిగడం మనవాళ్లకు అలవాటు. చేరేసరికి సాయంత్రమవుతుంది, జెండాలు పీకేసి ఉంటాయి. అప్పుడు ఇసుకలో నడవండి, చాలు. రాయల్ నేషనల్ పార్క్‌లో ఫిగర్ ఎయిట్ పూల్స్ అనే సముద్రపుటొడ్డు రాతిగుంటల దగ్గర ఫొటోల కోసం రాతిబండల మీదికి వెళ్తారు. చాలాసేపు పొడిగా ఉన్న బండ మీదికే ఒక్కసారిగా పెద్ద అల వస్తుంది. బండ తడిగా ఉంటే ఆ అల ఇప్పటికే అక్కడిదాకా వచ్చిందని అర్థం. వెనక్కి రండి.

నీలం బుడగల్లా ఉండే బ్లూబాటిల్ అనే సముద్రజీవి కుడితే తోకలు తీసేసి, సముద్రపు నీళ్లతో కడిగి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో 20 నిమిషాలు ఉంచండి. వెనిగర్ పొయ్యొద్దు.

ఇక ఓపల్, అంటే బస్సు, రైలు, ఫెర్రీలకు వాడే టికెట్ కార్డు. ఒక్కొక్కరికీ ఒక్కో కార్డు ఉండాలి, ఇద్దరికి కలిపి ఒకటి పనిచెయ్యదు. ఫోన్‌తో ట్యాప్ చేసి ఎక్కి, అదే బ్యాంకు ఖాతా ప్లాస్టిక్ కార్డుతో దిగితే రెండు వేరువేరు ప్రయాణాలుగా లెక్కేసి ఎక్కువ చార్జీ కోస్తారు. ఎయిర్‌పోర్టు స్టేషన్లకు అదనపు రుసుముంది. శుక్ర, శని, ఆదివారాల్లో రోజువారీ గరిష్ఠ చార్జీ తక్కువ, దూరపు తిరుగుళ్లు అప్పుడు పెట్టుకోండి.

షాపింగ్ సాయంత్రానికి వాయిదా వెయ్యకండి, చాలా దుకాణాలు ఐదారింటికే మూస్తారు. గురువారం మాత్రం తొమ్మిది దాకా. హోటళ్లలో ఆదివారం 10 శాతం, పబ్లిక్ హాలిడేకి 15 శాతం అదనంగా వెయ్యడం మామూలే. మెనూ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. టిప్ తప్పనిసరి కాదు. బిల్లు విడగొట్టమంటే కొన్నిచోట్ల ఒప్పుకోరు. ఒకరు కట్టండి, మిగతావాళ్లు అక్కడే పేఐడీతో (ఫోన్ నంబరుకే బ్యాంకు నుంచి డబ్బు పంపే పద్ధతి) పంపేయండి. రేపటికి వదిలితే మాటలొస్తాయి. మన తిండి కావాలంటే హారిస్ పార్క్ అనే పేటలో విగ్రమ్ స్ట్రీట్ ఉంది.

ఇంత చెప్పానని సముద్రం జోలికే వెళ్లొద్దని కాదు. జెండాల మధ్య నడుము లోతు లోపల ఉంటే, లైఫ్‌గార్డుల కళ్లన్నీ మీ మీదే ఉంటాయి, హాయిగా ఆడుకోవచ్చు. ఈత రానివాళ్లకు బ్రాంటీ బీచ్‌లో రాళ్ల మధ్య కట్టిన సముద్రపు ఈతకొలనుంది, డబ్బులక్కర్లేదు. అల గోడ దాటి పడుతున్న రోజు మానుకోండి, అంతే.

మొదటిసారి అందరూ కలిసి వెళ్లడానికి మ్యాన్లీ బీచ్ మేలు. సిటీలోని సర్క్యులర్ కీ రేవు నుంచి మామూలు ఫెర్రీకి అరగంట. అక్కడే ఫాస్ట్ ఫెర్రీ అని ప్రైవేటుది కూడా ఆగుతుంది, దాని చార్జీ వేరు, బోర్డు చూసి ఎక్కండి. పొద్దుగూకే వేళ తిరుగు ఫెర్రీలో ముందువైపు డెక్ మీద నిలబడితే ఎదురుగా హార్బర్ వంతెన, ఎడమచేతి వైపు ఒపెరా హౌస్. అక్కడ గాలి చల్లగా కొడుతుంది, ఎండాకాలమైనా ఒక జాకెట్ పట్టుకెళ్లండి.