పువ్వు ఫోటోలో పడింది, పేరు దొరకలేదు: ఇల్లినాయ్ ప్రెయిరీ పూలతో వచ్చే చిక్కులు

మే నెల వచ్చిందంటే మా వాట్సాప్ గ్రూపులో ఒకే ప్రశ్న తిరుగుతుంది: "అన్నా, ఈ పువ్వు పేరేంటి?" కింద ఒక ఫోటో. ఫోటో నిండా పసుపు రేకులే. ఆకు లేదు, కాడ లేదు, ఎక్కడ తీశారో లేదు. నేను షికాగోకి పడమర, అరోరా వైపు ఉంటాను. చాలా ఏళ్లుగా శని, ఆదివారాలు లైల్‌లోని షూలెన్‌బర్గ్ ప్రెయిరీలో (ప్రెయిరీ అంటే చెట్లు లేని గడ్డి మైదానం), బటేవియాలోని ఫెర్మీల్యాబ్ అనే భౌతికశాస్త్ర పరిశోధనాశాల ప్రెయిరీలో తిరుగుతున్నాను. అయినా అలాంటి ఫోటో చూసి పేరు చెప్పడం నా వల్ల కాదు.

పేరు కోసం ఇంత పట్టుదల ఎందుకంటే, ఇల్లినాయ్‌లో ఒకప్పుడు దాదాపు 2.2 కోట్ల ఎకరాల ప్రెయిరీ ఉండేది. 1837లో జాన్ డీర్ ఇక్కడే ఉక్కు నాగలి తయారుచేశాక ఆ నేల చాలా మటుకు చేలైపోయింది. ఈరోజు మంచి స్థితిలో మిగిలింది వెయ్యో వంతు కూడా లేదు. లైల్‌లోది 1962లో, ఫెర్మీల్యాబ్‌లోది 1975లో మొదలుపెట్టి, విత్తనాలు ఏరి తెచ్చి మళ్లీ పెంచుకున్నవి. అంత కష్టపడి నిలబెట్టిన మొక్కకీ, రోడ్డు పక్కన తనంతట తాను మొలిచిన కలుపుకీ తేడా తెలియకపోతే నాకు మనసొప్పదు.

సమస్య: ఫోటో చక్కగా వచ్చింది, పేరు మాత్రం తేలడం లేదు

కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే. పువ్వు ముఖం ఒక్కటే తీస్తాం. జూలైలో ప్రెయిరీలోకి అడుగుపెడితే పొద్దుతిరుగుడులా కనిపించే పసుపు పూలు పదిరకాలైనా ఉంటాయి. ముఖాలు చూస్తే అన్నీ అక్కచెల్లెళ్లే. తేడా అంతా కిందే ఉంటుంది.

సిల్ఫియం జాతినే (ఇంగ్లీషులో జీనస్) తీసుకోండి. ఇక్కడ నాలుగు రకాలు బాగా కనిపిస్తాయి, పూలన్నీ పసుపే. ఆకు చూడగానే విడిపోతాయి. కప్ ప్లాంట్ కాడ నాలుగు పలకలుగా ఉంటుంది. ఎదురెదురు ఆకులు రెండూ కాడ చుట్టూ అతుక్కుపోయి దొన్నెలా అవుతాయి. వాన పడ్డ మర్నాడు ఆ దొన్నెలో నీళ్లుంటాయి, గోల్డ్‌ఫించ్ పిట్టలు వచ్చి తాగుతాయి. ప్రెయిరీ డాక్‌కి ఆకులన్నీ నేల దగ్గరే, ఏనుగు చెవంత. మధ్యలోంచి ఆకుల్లేని కాడ మనిషిని దాటి ఎనిమిది అడుగులు లేస్తుంది. మండుటెండలో ఆ ఆకు మీద అరచెయ్యి ఆనించి చూడండి, చల్లగా తగులుతుంది. వేళ్లు లోతు నుంచి నీరు తోడుకుంటాయి కాబట్టి అలా ఉంటుంది. కంపాస్ ప్లాంట్ ఆకు లోతుగా చీలి ఉంటుంది. అది పడుకోదు, నిటారుగా నిలబడి అంచులు ఉత్తరానికీ దక్షిణానికీ పెడుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా మీద పడకుండా అదొక ఏర్పాటు. నాలుగోది రోజిన్‌వీడ్: ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, గరుకుగా ఉంటాయి, దొన్నె కట్టవు.

అందుకే ఒక్కో మొక్కకి ఐదు ఫోటోలు తీయండి: పువ్వు ముందు నుంచి, పువ్వు వెనక నుంచి (రేకుల కింద ఉండే ఆకుపచ్చ పొలుసులు కనిపించేలా), కాడకి ఆకు అతికే చోటు, నేల దగ్గరి ఆకులు, చివరికి మొత్తం మొక్క. ఒకదాంట్లో మీ వేలు పక్కన పెట్టండి, సైజు తెలుస్తుంది. రెండు నిమిషాల పని. ఇంటికొచ్చాక రెండు గంటలు మిగులుతాయి.

ఆకు వాసన ఫోటోలో పడదు, కాబట్టి అక్కడే రాసుకోవాలి. వైల్డ్ బెర్గమోట్ ఆకును కొంచెం నలిపితే ఘాటుగా పుదీనా, వాము కలిసినట్టు ఉంటుంది. కాడ తడిమితే నాలుగు పలకలు. మన తులసిది కూడా అదే కుటుంబం, తులసి కాడా అంతే. అలాగే మిల్క్‌వీడ్ పువ్వును దగ్గర్నుంచి చూస్తే మన జిల్లేడు పువ్వు గుర్తొస్తుంది, రెండూ దగ్గరి చుట్టాలే. అయితే మిల్క్‌వీడ్‌లలోనే నారింజ రంగు బటర్‌ఫ్లై వీడ్‌ని మాత్రం తుంచితే పాలు కారవు. పాలు లేవు కాబట్టి మిల్క్‌వీడ్ కాదనుకుని పొరబడేవాళ్లు ఉన్నారు.

సమస్య: యాప్ ఒకే మొక్కకి రోజుకో పేరు చెబుతోంది

ఒక్క ఫోటో ఇస్తే అది ఊహించడం తప్ప ఏం చేస్తుంది? మొక్కల్ని గుర్తుపట్టే ఐనాచురలిస్ట్ యాప్‌లో ఒకే ఎంట్రీ కింద పైన చెప్పిన ఐదూ పెట్టండి. జాతి వరకే నమ్మకంగా ఉంటే అక్కడితో ఆపి, మిగతాది తెలిసినవాళ్లకి వదిలేయండి. సెప్టెంబర్‌లో గోల్డెన్‌రాడ్, ఆస్టర్ పూలకి నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

సమస్య: ప్రెయిరీ పూల పుస్తకంలో ఎంత వెతికినా లేదు

బహుశా అది ఇక్కడి పువ్వే కాదు. రోడ్ల వెంట నీలంగా మెరిసే చికరీ, తెల్ల గొడుగులా ఉండే క్వీన్ ఆన్స్ లేస్, ఆక్స్‌ఐ డైసీ... ఇవన్నీ యూరప్ నుంచి వచ్చినవి. అందంగానే ఉంటాయి, కానీ ప్రెయిరీ బిడ్డలు కావు. ఫోటో ఎక్కడ తీశారో ముందు చూసుకోండి. రోడ్డు అంచు, పార్కింగ్ పక్క, కొత్తగా తవ్విన మట్టి అయితే ముందుగా పరాయి మొక్కనే అనుమానించండి.

చిత్తడి దగ్గర ఊదారంగు కంకులు రెండు రకాలు. బ్లేజింగ్ స్టార్ ఇక్కడిది: సన్నటి ఆకులు కాడ చుట్టూ కిక్కిరిసి ఉంటాయి. పర్పుల్ లూస్‌స్ట్రైఫ్ చిత్తడి నేలల్ని మింగేసే పరాయి మొక్క: ఆకులు ఎక్కువగా ఎదురెదురుగా, కాడ పలకలుగా, ఒక్కో పువ్వుకి విడివిడిగా ఐదారు రేకులు.

దీనికంటే ముఖ్యమైన జత ఇంకోటుంది. ఇక్కడ పొరబడితే ఒళ్లు కాలుతుంది. గోల్డెన్ అలెగ్జాండర్స్ ఇక్కడి మొక్క. మే, జూన్ నెలల్లో మోకాలెత్తున పసుపు గొడుగులు వేస్తుంది. వైల్డ్ పార్స్‌నిప్ పరాయిది. పువ్వు అచ్చం అలాగే ఉంటుంది, కానీ జూన్ మధ్య నుంచి జూలై దాకా పూస్తుంది, నాలుగైదు అడుగులు పెరుగుతుంది, కాడ మీద గాడులు ఉంటాయి. దాని రసం చర్మానికి అంటి, ఆపైన ఎండ తగిలితే ఒకట్రెండు రోజుల్లో బొబ్బలు లేస్తాయి, మచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి. మా అబ్బాయి స్నేహితుడొకడు నిక్కర్‌తో దాంట్లోంచి నడిచి వెళ్లాడు. రెండో రోజు పిక్కల మీద నూనె చిందినట్టు చారలు. వాళ్లమ్మ పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది. తేడా ఆకులో చూడండి: అలెగ్జాండర్స్‌కి చిన్నాకులు మూడేసి చొప్పున, అంచు సన్నటి రంపంలా ఉంటుంది. పార్స్‌నిప్‌కి ఒకే ఈనె మీద ఐదు నుంచి పదిహేను చిన్నాకులు, అంచు మొరటుగా ఉంటుంది. తేల్చుకోలేకపోతే ముట్టుకోవద్దు, జూమ్ చేసి తీయండి. రసం అంటిందనిపిస్తే వెంటనే సబ్బుతో కడిగి, ఆ చోటికి ఎండ తగలకుండా కప్పుకోండి.

సమస్య: పొద్దున చూసిన పువ్వు మధ్యాహ్నానికి మాయం

అది స్పైడర్‌వర్ట్ అయి ఉంటుంది. మూడు నీలి రేకులు, మధ్యలో ఆరు పసుపు కేసరాలు, వాటి కాళ్లకి నీలి నూగు. ఎండెక్కిన రోజు పన్నెండు కాకముందే ముడుచుకుపోతుంది. మర్నాడు అదే గుత్తిలో ఇంకో మొగ్గ విచ్చుకుంటుంది. ఏడు, ఎనిమిది గంటలకే వెళ్లండి. మబ్బు పట్టిన రోజైతే ఇంకాస్త సమయం దొరుకుతుంది. మన ఇంటర్ బోటనీ ల్యాబ్‌లో రియో ఆకు పొర ఒలిచి మైక్రోస్కోప్ కింద పెట్టినవాళ్లకి ఇది ఆ కుటుంబమే అని చెబితే సంతోషిస్తారు, నేనైతే సంతోషించాను.

షూటింగ్ స్టార్ ఇంకా గట్టిగా కంగారు పెడుతుంది. మేలో తల వంచుకుని, రేకులు వెనక్కి విరుచుకుని పూసిన చోటుకి జూలైలో వెళ్తే ఆకు కూడా కనబడదు. మొక్క చావలేదు. నేలలో నిద్రపోతోంది, వచ్చే వసంతానికి లేస్తుంది.

సమస్య: ఎన్నిసార్లు వెళ్లినా మొగ్గ విచ్చుకోవడం లేదు

సెప్టెంబర్‌లో తడి నేలల్లో ముదురు నీలం మొగ్గలు గుత్తిగా కనిపిస్తాయి. మొదటి ఏడు నేను మూడు వారాలు వరసగా వెళ్లాను, ఈసారైనా విచ్చుకుంటుందని. అది బాటిల్ జెన్షియన్, దాని పువ్వే అంత. ఎప్పటికీ తెరుచుకోదు. మూడోసారి వెళ్లినప్పుడు ఒక బలమైన బంబుల్‌బీ (లావుపాటి తేనెటీగ) వచ్చి, ఆ కొసను కాళ్లతో విడదీసి, తల దూర్చి, మెల్లగా మొత్తం లోపలికి దిగింది. పువ్వు మూసుకుంది. లోపలి నుంచి రొద వినిపిస్తోంది. కాసేపటికి పుప్పొడి పూసుకుని వెనక్కి జారుతూ బయటికి వచ్చింది. కాబట్టి విచ్చుకునే దాకా ఆగొద్దు. ఒకే పువ్వు మీద ఫోకస్ పెట్టుకుని బంబుల్‌బీ కోసం కూర్చోండి.

బ్లేజింగ్ స్టార్‌కి దీనికి దగ్గరి చిక్కే. కంకి పైన పూలు విచ్చి కింద మొగ్గలు ఉంటే, వాడిపోవడం మొదలైందనుకుని వదిలేస్తారు. చాలా కంకులు కింద నుంచి పూస్తాయి, ఇది పైనుంచి కిందికి పూస్తుంది. పై మూడో వంతు విచ్చుకున్నప్పుడే తీయండి.

సమస్య: అన్ని ఫోటోలూ అలుక్కుపోయాయి

ప్రెయిరీలో చెట్టు అడ్డం లేదు, గాలి ఆగదు. కన్నుకి కదలనట్టు కనిపించే కాడ కూడా కెమెరాకి ఊగుతూనే ఉంటుంది. షట్టర్ కనీసం 1/500 పెట్టండి, దానికోసం ఐఎస్‌ఓ 800కి పెరిగినా పర్వాలేదు. ఫోన్ అయితే బర్స్ట్‌లో ఇరవై తీసి ఒకటి ఉంచుకోండి. సూర్యోదయం తర్వాత మొదటి గంట గాలి తక్కువ, పైగా మంచు బిందువులు రేకుల మీదే ఉంటాయి. ట్రైపాడ్ మీ చెయ్యి వణకడాన్ని ఆపుతుంది, పువ్వు ఊగడాన్ని ఆపదు.

సమస్య: పసుపు పువ్వు పెయింట్ పూసిన ముద్దలా, నీలం పువ్వు ఊదాగా వస్తోంది

పసుపులో రేకుల గీతలు పోవడానికి కారణం ఎక్స్‌పోజర్. చుట్టూ ముదురు గడ్డి ఉంటే కెమెరా మొత్తం వెలుగు పెంచేస్తుంది, రేకు కాలిపోతుంది. ఎక్స్‌పోజర్‌ని 0.7 తగ్గించండి, ఫోన్‌లో పువ్వు మీద నొక్కి సూర్యుడి గుర్తును కిందికి లాగండి. మిట్టమధ్యాహ్నం తప్పకపోతే పువ్వుకి, ఎండకి మధ్య పలచటి తెల్ల గుడ్డ పట్టాలి. నేను నాన్న పాత పంచె ముక్కొకటి కెమెరా బ్యాగులో ఉంచుకుంటాను. కొన్న డిఫ్యూజర్ కంటే వెలుగు మెత్తగా వస్తుంది.

నీలానికి ఆటో వైట్ బ్యాలెన్స్ వదిలేసి డేలైట్ పెట్టండి, వీలైతే రా (RAW) ఫైల్ తీయండి. అప్పటికీ కుదరకపోతే అసలు రంగు నోట్స్‌లో రాసుకోండి. ఆస్టర్ పూలకి రంగు కంటే వెనక పొలుసులే ఎక్కువ చెబుతాయి.

సమస్య: ఫోకస్ వెనక గడ్డి మీదికి పోతోంది

పువ్వు వెనక అరచెయ్యి పెట్టండి. ఫోకస్ పువ్వు మీద పడగానే లాక్ చేసి చెయ్యి తీసేయండి. వెనక చిందరవందర తగ్గాలంటే మోకాళ్ల మీద కూర్చుని, పువ్వు వెనక దూరంగా గడ్డో ఆకాశమో వచ్చేలా ఒక అడుగు పక్కకి జరగండి. కాలిబాట దాటి గడ్డి తొక్కొద్దు. పువ్వు కొయ్యొద్దు. ప్యాంటు సాక్స్‌లోకి దోపుకోండి, ఇక్కడ టిక్స్ (పిడుదులు) బాగా ఉంటాయి.

సమస్య: వెళ్లిన రోజు పూలే లేవు

ప్రెయిరీ పూలు గడ్డితో పాటే ఎత్తు పెరుగుతాయి. ఏప్రిల్‌లో వెళ్తే నేల నల్లగా కాలి ఉండొచ్చు. అది ప్రమాదం కాదు, కావాలని పెట్టే మంట. మేలో చాలా పూలు చీలమండల ఎత్తునే ఉంటాయి, నిలబడి చూస్తే కనబడవు. జూన్‌లో మోకాళ్ల దాకా వస్తాయి: అప్పుడే పేల్ పర్పుల్ కోన్‌ఫ్లవర్ సన్నటి రేకులు వేలాడేస్తుంది. దాని పుప్పొడి తెల్లగా ఉంటుంది, తోటల్లో పెంచే వెడల్పు రేకుల పర్పుల్ కోన్‌ఫ్లవర్‌కి పసుపు. సెప్టెంబర్‌కి బిగ్ బ్లూస్టెమ్ గడ్డి మన తల దాటుతుంది, గోల్డెన్‌రాడ్ నిండుగా పూస్తుంది. తుమ్ములకి దాన్ని తిడతారు కానీ దాని పుప్పొడి బరువు, గాలికి ఎగరదు. అదే రోజుల్లో పక్కనే పూసే ర్యాగ్‌వీడ్ అసలు దోషి.

అరుదైన పువ్వు దొరికితే, ముఖ్యంగా తెల్లటి ప్రెయిరీ ఫ్రింజ్డ్ ఆర్కిడ్ దొరికితే, లొకేషన్ గ్రూపులో పెట్టకండి. 1989 నుంచి అది చట్టం రక్షణలో ఉన్న మొక్క. ఫోటో లోపల ఉండే జీపీఎస్ కూడా తీసేసి పంపండి.

జనవరిలో వెళ్లడానికి ఏముంటుందని అడుగుతారు. వేసవిలో గుర్తుపట్టిన మొక్క దగ్గరే ఒక గుర్తు పెట్టుకుని, దాన్నే మళ్లీ తీయండి. నేను కాలిబాట మొదటి వంపు దగ్గరున్న కంపాస్ ప్లాంట్‌ని అలా నెలకోసారి తీస్తున్నాను. జనవరిలో ఆ ఆకులు గోధుమరంగు తిరిగి, పాత కాగితంలా చుట్టుకుపోయి, మంచులోంచి పైకి కనిపిస్తూ ఉంటాయి. చీలికలు మాత్రం పోవు. ఆ ఆకుతోనే పేరు చెప్పేయొచ్చు.