మార్కెటింగ్ మొదలుపెట్టాం, బేరాలు మాత్రం రావడం లేదు: తేడా ఎక్కడుంది?

చిన్న వ్యాపారం పెట్టినవాళ్ళు నన్ను మొదట అడిగేది ఒక్కటే: "యాడ్స్‌కి ఎంత పెట్టమంటారు?" నేను తిరిగి అడిగేదీ ఒక్కటే: "పోయిన వారం ఎంతమంది అడిగారు, వాళ్ళలో ఎంతమంది కొన్నారు?" చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. ఆ లెక్క తెలియకుండా యాడ్ పెట్టడమంటే చిల్లు ఎక్కడుందో చూసుకోకుండా కుండలో నీళ్ళు పోయడమే.

కొనేవాళ్ళకు ముందు మనం ఉన్నామని తెలియాలి. తెలిశాక అడగాలి, అడిగాక కొనాలి, కొన్నాక మళ్ళీ రావాలి. ఈ దారిలో ఎక్కడో ఒకచోట జనం ఆగిపోతుంటారు. నేను చివరి నుంచి వెనక్కి వెతుకుతాను. చివరి చిల్లులు పూడ్చడానికి దాదాపు డబ్బే అక్కర్లేదు. ముందువాటికి బోలెడు కావాలి.

ముందు ఒక నోట్‌బుక్ తీసుకుని రెండు వారాలపాటు అడిగిన ప్రతి ఒక్కరి గురించీ ఒక్కో లైను రాయండి. ఉదాహరణకు సోఫాలు, కుర్చీలు బాగుచేసే వ్యాపారమైతే ఇలా ఉంటుంది:

మంగళవారం – సోఫా కవర్ – గూగుల్‌లో చూశారట – ఫొటోలు పంపమన్నాను, పంపలేదు.
బుధవారం – కుర్చీ కాలు – పాత కస్టమర్ చెప్పారట – చేయించుకున్నారు.
బుధవారం – మిస్డ్ కాల్ – సాయంత్రం తిరిగి చేస్తే, వేరేచోట ఇచ్చేశామన్నారు.

మూడో లైను చూశారా? ఆ బేరం ఏ యాడ్ పెట్టినా వచ్చేది కాదు. ఫోన్ ఎత్తి ఉంటే వచ్చేది.

అడుగుతున్నారు గానీ కొనడం లేదు

అందరూ ముందు రేటునే అనుమానిస్తారు. రేటు నిజంగానే ఎక్కువై ఉండవచ్చు, కానీ నేను చూసినంతలో ఎక్కువసార్లు దోషం జవాబులోనే ఉంటుంది. ఈ సంభాషణ చూడండి:

"సోఫా కవర్ మార్చడానికి ఎంతవుతుందండీ?"
"సైజును బట్టి ఉంటుందండి."
"సరేనండి."

అంతే, కథ ముగిసింది. చెప్పింది అబద్ధం కాదు, కానీ అవతలివాళ్ళకు తర్వాత ఏం చేయాలో తెలియలేదు. అదే జవాబు ఇలా ఉంటే:

"మూడు సీట్లదా, రెండు సీట్లదా అండీ? ముందు నుంచి ఒక ఫొటో, చిరిగిన చోట ఒక ఫొటో పంపండి. పోయిన నెల చేసిన ఇలాంటి సోఫా ఫొటో పెడుతున్నాను, చూడండి. మీ ఫొటోలు రాగానే క్లాత్‌తో కలిపి సుమారుగా ఎంతవుతుందో చెప్తాను. కొలతలకు గురువారం రమ్మంటారా?"

ఇందులో సులువుగా జవాబు చెప్పగలిగే ప్రశ్న ఉంది, పని వచ్చని చూపించే ఫొటో ఉంది, తర్వాత జరగాల్సింది ఫలానా రోజుకు పెట్టడం ఉంది. ప్రతిసారీ ఇంత టైప్ చేయడం కష్టం కాబట్టి వాట్సాప్ బిజినెస్ యాప్‌లో క్విక్ రిప్లైగా, అంటే ముందే రాసిపెట్టుకుని కావాల్సినప్పుడు పంపే జవాబుగా దాచుకోండి. యాప్ ఉచితమే. అందులోనే చాట్‌లకు గుర్తుగా తగిలించే లేబుల్స్ ఉంటాయి. ఫొటోలు రావాల్సినవాళ్ళకు ఒకటి, రేటు చెప్పినవాళ్ళకు ఒకటి పెట్టుకుంటే ఎవరూ మరుగున పడిపోరు. రేటు చెప్పాక చప్పుడు లేకపోతే రెండు రోజులాగి ఒక్కసారి పలకరించండి. ఒక్కసారే. మళ్ళీ మళ్ళీ పలకరించారంటే అది వెంటపడటమే.

మీరు అందుబాటులో లేనప్పుడు యాప్ తనంతట తానే పంపే "అవే మెసేజ్" (away message) గురించి ఒక మాట. "త్వరలో సంప్రదిస్తాము" అని రాస్తే ఎవరూ ఆగరు. "పనిలో ఉన్నాను, రెండు గంటలకు ఫోన్ చేస్తాను" అని రాసి, రెండుకు చేయండి.

ఇవన్నీ సరిచేశాక కూడా రేటు వినగానే అందరూ వెనక్కి తగ్గుతుంటే, అప్పుడు రేటు సంగతి చూడాలి. అసలు మీ రేటు పెట్టుకోలేనివాళ్ళకే మీరు కనిపిస్తున్నారేమో కూడా చూడాలి.

ఒకసారి వచ్చినవాళ్ళు మళ్ళీ రావడం లేదు

పని నచ్చక రాకపోతే మార్కెటింగ్ ఏమీ చేయలేదు. నచ్చి కూడా రాకపోతే మిమ్మల్ని మర్చిపోయారన్నమాట. పని అప్పగించేటప్పుడే "మా నంబర్ సేవ్ చేసుకోండి, అప్పుడప్పుడు మెసేజ్ పెట్టవచ్చా?" అని అడగండి. నంబర్ సేవ్ చేసుకోమనడానికి ఒక కారణం ఉంది. వాట్సాప్‌లో ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా పంపే మామూలు బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది వరకు పెట్టుకోవచ్చు, కానీ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే ఆ మెసేజ్ చేరుతుంది. "200 మందికి పంపాను, ఒక్కరూ పలకలేదు" అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఇదే. ఇక రోజూ శుభోదయం పంపితే బ్లాక్ చేస్తారు. నెలకొకసారి, వాళ్ళకు పనికొచ్చేది ఏదైనా ఉంటేనే పంపండి.

చూస్తున్నారు గానీ అడగడం లేదు

బోర్డు మీదో, ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్‌లోనో "అన్ని రకాల పనులు చేయబడును" అని ఉందేమో చూడండి. అన్నీ చేస్తామంటే చదివేవాళ్ళకు తమ పని అందులో కనిపించదు. "చిరిగిన సోఫాలకు మీ ఇంటికే వచ్చి కొత్త కవర్ వేస్తాం" అంటే, చిరిగిన సోఫా ఉన్న మనిషి అక్కడే ఆగుతాడు. మిగతా పనులు పోతాయన్న భయం వద్దు. సోఫాకు వచ్చినవాళ్ళే కుర్చీల గురించి కూడా అడుగుతారు.

లైకులు వస్తూ ఫోన్లు రాకపోవడం కూడా ఇలాంటిదే. ఆ లైకులు కొట్టేది ఎక్కువగా బంధువులు, స్నేహితులు, మీలాగే వ్యాపారం చేసేవాళ్ళు. శుభాకాంక్షల పోస్టర్లు తగ్గించి, పని ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉందో చూపించండి. కస్టమర్లు ఫోన్‌లో అడిగే ప్రశ్నలకు పోస్టుల్లో జవాబు చెప్పండి. ఆ ప్రశ్నలు మీ నోట్‌బుక్‌లోనే ఉన్నాయి.

గూగుల్ మ్యాప్స్‌లో మేం కనిపించడం లేదు

దీనికి వ్యతిరేకమైన మాట కూడా తరచుగా వింటాను: "మేమే ఫస్ట్ వస్తున్నాం సార్!" మీ షాపులో కూర్చుని మీ ఫోన్‌లో, అదీ మీ షాపు పేరుతో వెతికితే రాకుండా ఎలా ఉంటుంది? కాస్త దూరంలో ఉన్న స్నేహితుడితో, పేరుతో కాకుండా పని పేరుతో వెతికించండి. అసలు సంగతి అప్పుడు తెలుస్తుంది.

స్థానిక ఫలితాలకు తాము చూసేది ప్రధానంగా మూడని గూగుల్ చెబుతుంది: వెతికినదానికి మీ వ్యాపారం ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది. దూరం మన చేతిలో లేదు. మొదటిదానికి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, అంటే గూగుల్‌లో, మ్యాప్స్‌లో మీ వ్యాపారం వివరాలు చూపించే పేజీ (2021 దాకా దీని పేరు గూగుల్ మై బిజినెస్) పూర్తిగా నింపాలి. వెరిఫికేషన్ సగంలో ఆగిపోయిందేమో, కేటగిరీ తప్పుగా పెట్టారేమో, తెరిచి ఉండే వేళలు పాతవేమో చూడండి. పేరు దగ్గర "బెస్ట్ సోఫా రిపేర్ చీప్ రేట్" లాంటివి తగిలించకండి. అది నిబంధనలకు విరుద్ధం, ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు. షాపు లేకుండా కస్టమర్ల దగ్గరికే వెళ్ళి పనిచేసేవాళ్ళు చిరునామా కనిపించకుండా పెట్టి, తిరిగే ప్రాంతాలు మాత్రం ఇవ్వవచ్చు.

పేరు సంపాదించడంలో రివ్యూలది పెద్ద పాత్ర. పని నచ్చిందని కస్టమర్ నోటితో అన్న క్షణంలోనే లింక్ పంపి రాయమనండి. రేపు అంటే రాయరు. డిస్కౌంట్ ఇస్తామని రాయించుకోవడం మాత్రం గూగుల్ పాలసీకి విరుద్ధం. చెడ్డ రివ్యూ వస్తే గొడవకు దిగకుండా రెండు లైన్లలో మర్యాదగా జవాబివ్వండి, దాన్ని చదివేది తర్వాత రాబోయే కస్టమర్లు. "మిమ్మల్ని మొదటి స్థానంలో పెడతాం, ఇంత కట్టండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి. డబ్బు కట్టి స్థానిక ర్యాంకు పెంచుకునే దారి లేదని గూగులే రాసిపెట్టింది.

యాడ్స్‌కి డబ్బు పోతోంది, ఫలితం లేదు

పై చిల్లులన్నీ పూడ్చాకే ఇక్కడికి రావాలి. ముందు మీ సరుకు స్వభావం చూసుకోండి. పైపు పగిలినవాడు గూగుల్‌లో వెతుకుతాడు, రీల్స్ చూస్తూ కూర్చోడు. చూస్తేనే మనసు పడే సరుకైతే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నయం.

ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో మీరు ఏ ఆబ్జెక్టివ్ (యాడ్‌తో మీకు ఏం కావాలన్నది) ఎంచుకుంటే సిస్టమ్ అలాంటివాళ్ళనే వెతుకుతుంది. పోస్టుకు లైకులు కావాలంటే లైకులు కొట్టే అలవాటున్నవాళ్ళను తెచ్చిపెడుతుంది. మీకు కావాల్సింది మెసేజులైతే, ఈ యాడ్స్ పెట్టే యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్ళి అదే ఎంచుకోవాలి. ఇంకో పొరపాటు రోజూ యాడ్‌ను కెలకడం. కొత్త యాడ్ కుదురుకోవడానికి, అంటే ఎవరికి చూపించాలో సిస్టమ్ నేర్చుకోవడానికి, వారంలో సుమారు 50 ఫలితాలు కావాలని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల కంపెనీ మెటా చెబుతుంది. మధ్యలో పెద్ద మార్పు చేస్తే ఆ నేర్చుకోవడం మళ్ళీ మొదటికొస్తుంది. చిన్న బడ్జెట్‌కు 50 అందకపోవచ్చు, అయినా కనీసం వారం రోజులు చేతులు కట్టుకుని కూర్చోండి.

గూగుల్ యాడ్స్‌లో సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ తెరవండి, జనం ఏ మాటలతో వెతికితే మీ యాడ్ కనిపించిందో అందులో ఉంటుంది. "సోఫా రిపేర్ ఉద్యోగాలు", "సోఫా ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా" అని వెతికినవాళ్ళ క్లిక్కులకు కూడా మీరు డబ్బు కడుతుంటారు. అలాంటి మాటలను నెగటివ్ కీవర్డ్స్‌లో (యాడ్ చూపించొద్దని చెప్పే మాటల జాబితాలో) చేర్చండి. లొకేషన్ సెట్టింగ్ కూడా చూసుకోండి. ఊరికే వదిలేస్తే మీ ప్రాంతంలో ఉన్నవాళ్ళకే కాక, ఆ ప్రాంతం మీద ఆసక్తి చూపినవాళ్ళకు కూడా యాడ్ వెళుతుంది.

లెక్క క్లిక్కులతో కాదు, కొన్నవాళ్ళతో వేయండి. 3000 ఖర్చుపెడితే 60 మంది అడిగి ఆరుగురు కొన్నారనుకుందాం. ఒక్కో కస్టమర్‌కు 500 పడింది. ఒక్కో పని మీద మీకు మిగిలేది 400 అయితే ఆ యాడ్ ఆపాలి, 1500 అయితే పెంచాలి. అదే 60 మందిలో పన్నెండుగురు కొనేలా చేయగలిగితే ఖర్చు 250కి దిగుతుంది. దానికి మంచి జవాబులు చాలు.

నా మొదటి యాడ్ సంగతి కూడా చెప్పాలి. మూడు రోజులు నడిచింది, క్లిక్కులు బ్రహ్మాండంగా వచ్చాయి, ఒక్క ఫోనూ లేదు. ఫొటో మార్చాను, హెడ్డింగ్ మార్చాను, టెన్షన్‌తో నిద్ర కూడా పట్టలేదు. చివరికి చూస్తే కాల్ బటన్‌కు నేను ఎప్పుడో మార్చేసిన పాత నంబర్ ఇచ్చి ఉంది. ఇప్పుడు ఏ యాడ్ ఆన్ చేసినా, వేరే ఫోన్ నుంచి మొదటి కాల్ నేనే చేసుకుంటాను.