తాళం తిప్పి రెండు సెకన్లు చెవి పెట్టండి

పెట్రోల్ కారు స్టార్ట్ కాకపోతే చాలామంది సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టి బ్యాటరీ దించేస్తారు. దానికంటే ముందు పాటలు, ఏసీ ఆపేసి తాళం 'ఆన్' దాకా మాత్రమే తిప్పండి. వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు 'జుయ్' మని సన్నటి మోత వినిపించాలి. అది ట్యాంకులో మునిగి ఉండే ఫ్యూయల్ పంపు. చాలా కార్లలో పెట్రోలును సుమారు 3 బార్ ఒత్తిడితో, ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల దాకా నెట్టి పెడుతుంది. ఇంజన్ తిరగడం మొదలవకపోతే కారులోని కంప్యూటరే పంపును ఆపేస్తుంది. (కొన్ని కొత్త కార్లలో డోరు తీయగానే ఈ మోత వస్తుంది, కంగారు పడకండి.)

మోతే లేదా? ముందు పంపు ఫ్యూజు, రిలే (పంపుకు కరెంటు అందించే చిన్న స్విచ్చు) చూడండి. హారన్ రిలే నంబరు, పిన్నులు అచ్చం అదే అయితే అది తీసి ఇక్కడ పెట్టి చూడొచ్చు. మా పాత కారు ఓసారి రాత్రి పదింటికి ఇలాగే ఇల్లు చేరింది, హారన్ లేకుండా.

మోత వచ్చినా స్టార్ట్ కాకపోతే క్రాంక్ సెన్సర్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఇంజన్ తిరుగుతోందని అది కబురు చెబితేనే కంప్యూటర్ ఇంజెక్టర్‌ను తెరుస్తుంది, అదీ కొన్ని మిల్లీసెకన్లే.

కార్బ్యురేటర్ రోజుల్లోలాగా యాక్సిలరేటర్ తొక్కి తొక్కి స్టార్ట్ చేసే అలవాటుంటే మానేయండి. పూర్తిగా తొక్కి పెడితే చాలా కార్లలో పెట్రోలే ఆగిపోతుంది.

అన్నట్టు, పంపును చల్లబరిచేది పెట్రోలే. ట్యాంకులో అది పావు వంతు కంటే తగ్గనివ్వకండి.