బోర్డులో మొదటి రెసిస్టర్ కాలితే ఏదిపడితే అది వేయకండి

ఛార్జర్ బోర్డో ఎల్ఈడీ డ్రైవరో (ఎల్ఈడీ లైటుకి కరెంట్ ఇచ్చే బోర్డు) ఇంట్లోనే రిపేర్ చేసుకునేవాళ్లకి చిన్న మాట. 230 వోల్టుల లైను లోపలికి రాగానే మొదట్లో ఒక 10 ఓమ్స్ రెసిస్టర్ ఉంటది చూడండి, చాలా బోర్డుల్లో అది మామూలుది కాదు, ఫ్యూజబుల్ రెసిస్టర్, అంటే లోపల ఏదన్నా షార్ట్ అయితే మంట రాకుండా తెగిపోడానికే పెట్టింది. అది పోయిందని చాలామంది చేతికి దొరికిన పావు వాట్ కార్బన్ ఫిల్మ్‌ది వేసేస్తారు, ఇంకొందరైతే ఏకంగా వైరు ముక్కే అతికిస్తారు (ఈ ఘనకార్యం నేనూ చేశా ఒకప్పుడు).

లెక్క చూడండి, 230 అనేది ఆర్ఎంఎస్, అంటే ఏసీకి సగటు లాంటి లెక్క, పీక్ (అలలో పైకొస) 325 వోల్టుల దాకా పోద్ది, స్విచ్ వేసిన క్షణంలో ఖాళీ కెపాసిటర్ (బోర్డులో ఛార్జ్ నిల్వ చేసేది) షార్ట్ లాగే ఉంటది కాబట్టి 325 బై 10 అంటే 32 ఆంపియర్ల దాకా లాగొచ్చు, రెప్పపాటే అనుకోండి, కానీ రోజూ ఆ దెబ్బ తింటే కార్బన్ ఫిల్మ్ ఎన్నాళ్లుంటది? అందుకే షాపులో వైర్‌వౌండ్ ఫ్యూజబుల్, ఫ్లేమ్‌ప్రూఫ్‌ది కావాలని అడగండి. ఓమ్సూ వాట్సూ పాతదానికి ఎంతో అంతే, గట్టిగా ఉంటదని ఎక్కువ వాట్‌ది వేస్తే షార్ట్ అయినప్పుడు తెగాల్సిన టైముకి తెగదు.

ఇంకోటి, అది ఊరికే కాలదు. ప్లగ్ తీసి, కెపాసిటర్ డిస్చార్జ్ చేసి, బ్రిడ్జి డయోడ్లు (ఏసీని డీసీ చేసేవి), మాస్‌ఫెట్ (స్విచ్ లాగా పనిచేసే ట్రాన్సిస్టర్) షార్ట్ అయ్యాయేమో మీటర్‌తో చూశాకే కొత్తది వేయండి, మొదటిసారి కరెంట్ ఇచ్చేటప్పుడు సిరీస్‌లో (కరెంట్ దాని గుండానే బోర్డుకి వెళ్లేలా) 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టండి, అది ఫుల్లుగా వెలుగుతూనే ఉందంటే లోపల ఇంకా షార్ట్ ఉన్నట్టే.