పశుపతి బంగ్లా చూడాలంటే

2009లో 'అరుంధతి' వచ్చాక బనగానపల్లె నవాబుల పాత బంగ్లా పేరే మారిపోయింది. సోనూ సూద్ వేసిన పశుపతి జనాన్ని అంతగా పట్టేశాడు. మా చుట్టాల పిల్లలు సీమకొస్తే ముందు అడిగేది అదే.

నంద్యాల నుంచి బస్సెక్కి బనగానపల్లెలో దిగండి. "అరుంధతి బంగ్లా" అంటే చాలు, ఆటోవాళ్లకు దారి చెప్పక్కర్లేదు. యాగంటి వెళ్లే వైపే. పొద్దున్నే బయల్దేరండి, ఎండెక్కితే ఆ బండరాళ్లు సెగలు కక్కుతాయి. నీళ్ల సీసా మరవొద్దు.

దిగగానే గోడల దగ్గరికి పరుగెత్తకండి. కాస్త దూరంగా నిలబడి మొత్తం కట్టడాన్ని ఒక్క చూపులో చూడండి. సినిమాలో వణికించింది ఆ ఒంటరితనమే. తలుపు మూసుంటే బయటి నుంచే చూసి రండి. గోడల మీద పేర్లు మాత్రం గీకొద్దు. పాత సున్నం పెచ్చు ఒకటి ఊడితే మళ్లీ అతకదు. అలా గీసినవి చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది.

అటునుంచటే యాగంటి వెళ్లి ఉమామహేశ్వరుణ్ణి, పెరిగే బసవన్నను దర్శించుకోండి. మే నెలైతే బంగినపల్లి మామిడి సొంతూర్లోనే కొనుక్కోవచ్చు.