ఇంప్లాంట్ పన్ను కట్టించుకుంటున్నారా? స్క్రూ దిగక ముందే చూసుకోవాల్సినవి

సంక్రాంతికి మా అమ్మ డబ్బా నిండా సకినాలు చేసేది. అందరికీ పెట్టి, తను మాత్రం ఒక సకినం విరిచి చాయ్‌లో వేసుకుని, మెత్తబడ్డాక తినేది. కింది దవడలో కుడివైపు రెండు దవడ పళ్లు పీకించి అప్పటికి నాలుగేళ్లు. "ఎడమవైపు నములుతున్న కదరా, ఏం కాదులే" అనేది. ఆ ఎడమవైపు పళ్లు కూడా అరిగి జివ్వుమనడం మొదలయ్యాక ఇంప్లాంట్ల మాట వచ్చింది. అంటే దవడ ఎముకలో స్క్రూ దింపి, దాని మీద పన్ను కట్టడం. రెండు స్క్రూలు వేయించాం.

మూడో నెలలో ఒకరోజు పొద్దున పళ్లు తోముకుంటూ నన్ను పిలిచింది. "ఇది నాలుకతో తోస్తే కదులుతున్నట్టుందిరా" అంది. చిగురు మీద చొక్కా గుండీ అంత వెండిరంగు మూత ఉంటుంది. వేలు పెట్టి చూశాను. మూతతోపాటు కింద స్క్రూ కూడా తిరుగుతోంది. నొప్పి లేదు, చీము లేదు. ఎముక దాన్ని పట్టుకోలేదు. ఆ వారంలోనే తీసేశారు.

స్క్రూ వేసేముందు షుగర్ ఎలా చూశారంటే, ఆ పొద్దున వేలి నుంచి ఒక చుక్క తీసి చూశారు. 140 వచ్చింది, సరే అన్నారు. గడిచిన రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష వాళ్లు అడగలేదు, మేమూ చేయించలేదు. తర్వాత చేయిస్తే 9.4 ఉంది. స్క్రూ ఊడింది అందువల్లేనని ఎవరూ తేల్చి చెప్పలేరు, ఎందుకంటే పక్కనే వేసిన రెండోది నిలబడింది. కానీ షుగర్ 7 దగ్గరికి దించి, ఎనిమిది నెలలు ఆగి మళ్లీ వేయిస్తే ఈసారి పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో నేను చదివి, డాక్టర్లను అడిగి తెలుసుకున్నవే ఇక్కడ రాస్తున్నాను. ఇంప్లాంట్ అనగానే మనం ఏ కంపెనీ, ఎంత ఖర్చు అనే టెన్షన్ పడతాం. దానికంటే ముందు రెండు మూడు నెలల్లో మన ఒంటిని, నోటిని ఎలా సిద్ధం చేసుకున్నామన్నదే ఎక్కువ పని చేస్తుంది.

ఎముక పట్టుకోవడం అంటే

ఇంప్లాంట్‌లో మూడు భాగాలు. ఎముకలోకి దిగే టైటానియం స్క్రూ, దాని మీద బిగించే చిన్న మెట్టులాంటి అబట్‌మెంట్, ఆ పైన కనిపించే క్యాప్. స్వీడన్‌కు చెందిన బ్రోనెమార్క్ 1950ల్లో కుందేళ్ల ఎముకల్లో టైటానియం గొట్టాలు పెట్టి పరిశోధన చేస్తుంటే, తర్వాత అవి బయటికి రాలేదు. ఎముక వాటికి అతుక్కుపోయింది. 1965లో మొదటిసారి మనిషి దవడలో ఆ స్క్రూలు వేశారు. ఇవాళ్టికీ అదే సూత్రం. స్క్రూ వేసిన డాక్టర్ చెయ్యి ఎంత మంచిదైనా, చివరికి దాన్ని పట్టుకోవాల్సింది మన ఎముక. కింది దవడలో దానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. పై దవడ ఎముక మెత్తగా ఉంటుంది కాబట్టి ఆరు నెలల దాకా ఆగమనొచ్చు.

రంధ్రం వేసేటప్పుడు సెలైన్ నీళ్లు పోస్తూనే ఉంటారు. నోరంతా నీళ్లు నిండి ఉక్కిరిబిక్కిరైనట్టు ఉంటుందని అమ్మ చెప్పింది. ఆ నీళ్లు అవసరం. ఎముక 47 డిగ్రీల వేడిని ఒక నిమిషం భరించినా అక్కడి కణాలు దెబ్బతింటాయి. ఆ వేడి పుట్టకుండా చూసేవి ఆ నీళ్లే. ఇబ్బందిగా ఉంటే చెయ్యి ఎత్తండి, ఆపి పీల్చేస్తారు.

డాక్టర్ అడక్కపోయినా చెప్పాల్సినవి

షుగర్ ఉన్నవాళ్లు హెచ్‌బీఏ1సీ రిపోర్టు తీసుకునే వెళ్లండి. 7 దగ్గర ఉంటే మంచిది. 8 దాటితే చాలామంది డాక్టర్లు వాయిదా వేద్దామంటారు. అలా అన్న డాక్టర్‌ని వదులుకోకండి.

మన పెద్దవాళ్లు చెప్పడం మరిచిపోయేది ఇంకొకటుంది. ఎముకలు గుల్లబారాయని వారానికి ఒకటి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర, ఏడాదికోసారి ఎక్కించే జొలెడ్రోనిక్ యాసిడ్ సెలైన్, ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్. "రోజూ ఏం మందులు వాడతారు?" అని అడిగితే బీపీ, థైరాయిడ్ మాత్రలు చెప్తారు. ఏడాదికోసారి వేయించుకునేది వాళ్ల లెక్కలో మందే కాదు. ఈ మందులు వాడేవాళ్లలో కొందరికి దవడలో ఆపరేషన్ చేశాక ఎముక మానకుండా బయటపడి ఉండిపోతుంది. మామూలు మోతాదు వాడేవాళ్లలో ఇది అరుదు. క్యాన్సర్ కోసం పెద్ద మోతాదులో తీసుకున్నవాళ్లలో ప్రమాదం చాలా ఎక్కువ, వాళ్లకు సాధారణంగా ఇంప్లాంట్లు వద్దంటారు. అందుకే ఇంట్లో ఉన్న పాత ప్రిస్క్రిప్షన్లన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. తలకు, మెడకు రేడియేషన్ ఇచ్చి ఎన్నేళ్లయినా సరే, ఆ సంగతి చెప్పాల్సిందే.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్లలో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేసుకునేవాళ్లు కొందరు, "పన్ను పని కదా" అని రెండు రోజుల ముందు నుంచి సొంతంగా మానేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. చిగురు నుంచి రక్తం కాస్త ఎక్కువ కారితే కుట్టు వేసి, గాయం మీద పెట్టే పలచటి గుడ్డ నొక్కి ఆపగలరు. గుండెలో స్టెంట్ మూసుకుపోతే అలా ఆపలేరు. వాల్వ్ మార్పించుకుని వార్ఫరిన్ లాంటివి వాడుతుంటే రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకుని, గుండె డాక్టర్ రాసిచ్చిన కాగితం పట్టుకుని పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వాల్వ్ మార్పించుకున్నవాళ్లకు పని మొదలుపెట్టే గంట ముందు యాంటీబయాటిక్ కూడా ఇస్తారు. ఇచ్చారో లేదో మీరే అడగండి.

పొగాకు గురించి సూటిగానే చెప్పాలి. సిగరెట్ కాల్చేవాళ్లలో ఇంప్లాంట్లు ఊడిపోవడం ఎక్కువ. కనీసం వారం ముందు మానేసి, స్క్రూ వేశాక రెండు నెలలైనా ముట్టకుండా ఉండాలి. గుట్కా, ఖైనీ నమిలేవాళ్లకు ఇంకో చిక్కు. లోపల బుగ్గలు బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు. మీ మూడు వేళ్లు నిలువుగా పై పళ్లకీ కింది పళ్లకీ మధ్య పడతాయేమో ఇప్పుడే చూసుకోండి. పట్టకపోతే ఇంప్లాంట్ సంగతి తర్వాత, ముందు నోరు చూపించుకోవాలి. శ్రీకాకుళం, విశాఖ వైపు పెద్ద వయసు ఆడవాళ్లలో చుట్టను నిప్పు లోపలికి పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉంది. ఆ వేడికి అంగిలి మీద తెల్ల మచ్చలు, పుండ్లు వస్తాయి. వాటిలో కొన్ని క్యాన్సర్‌గా మారతాయి. మీ అమ్మమ్మకో, నాయనమ్మకో పళ్లు కట్టిద్దామనుకుంటే ముందు అంగిలి చూడమని డాక్టర్‌కి చెప్పండి.

గర్భిణులు కాన్పు అయ్యేదాకా ఆగడం మంచిది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు ముందుపన్ను విరిగినా ఇంప్లాంట్ తొందర వద్దు. దవడ పెరుగుతుంది, స్క్రూ మాత్రం వేసినచోటే ఉండిపోతుంది. కొన్నేళ్లకు ఆ పన్ను పక్క పళ్లకంటే పైకి పోయినట్టు కనిపిస్తుంది. అప్పటిదాకా తీసి పెట్టుకునే పన్నుతో గడపొచ్చు.

చిగుళ్లు, ఎముక, స్కాన్

మిగిలిన పళ్ల చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే, పళ్లు వదులవుతుంటే ముందు దానికి వైద్యం చేయించుకోండి. క్లీనింగ్ చేయించి, చిగుళ్లు గట్టిపడ్డాకే స్క్రూ. చెడ్డ చిగుళ్లలోని క్రిములే కొత్త ఇంప్లాంట్ చుట్టూ చేరతాయి. ఇంప్లాంట్ పుచ్చదు, నిజమే. కానీ దాని చుట్టూ చిగురు వాచి, ఎముక కరిగి, పదేళ్లు ఉండాల్సింది మూడేళ్లకే ఊడొచ్చు.

పన్ను పీకించాక ఏళ్ల తరబడి ఖాళీగా వదిలేయకండి. పన్ను లేని చోట ఎముక కుంచించుకుపోతుంది. మొదటి ఏడాదిలోనే వెడల్పు దాదాపు సగం దాకా తగ్గొచ్చు. అమ్మ నాలుగేళ్లు ఆగడం వల్ల ఆ లోటు నింపడానికి ఎముక పొడి వేయాల్సి వచ్చింది. ఇక్కడ ఒక మాట. ఆ పొడిలో కొన్ని రకాలు ఆవు ఎముక నుంచి చేస్తారు. దాన్ని శుద్ధి చేసే వాడతారు, వైద్యపరంగా తప్పేమీ లేదు. కానీ మన ఇళ్లలో చాలామందికి అది మనసుకు పట్టే విషయం. కృత్రిమంగా తయారుచేసిన పొడి కూడా దొరుకుతుంది. ముందే అడిగితే డాక్టర్ చెప్తారు. అయిపోయాక తెలిసి బాధపడినవాళ్లను నేను చూశాను.

మామూలు పెద్ద ఎక్స్‌రే, అంటే ఓపీజీ, ఎముక ఎత్తు చూపిస్తుంది గానీ మందం చూపించదు. మందం తెలియాలంటే దవడను అన్ని వైపుల నుంచీ చూపే సీబీసీటీ స్కాన్ కావాలి. కింది దవడలో పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం పోతుంది. స్క్రూ కొసకీ ఆ నరానికీ మధ్య కనీసం 2 మిల్లీమీటర్లు ఉండాలి. పై దవడలో వెనక పళ్ల మీద సైనస్ అనే గాలి ఖాళీ ఉంటుంది, అక్కడా ఎముక ఎంతుందో చూడాలి. కంప్యూటర్ మీద స్కాన్ తెరిచి, "నరం ఎక్కడుంది, స్క్రూ ఎక్కడిదాకా వస్తుంది?" అని చూపించమనండి. రెండు నిమిషాల పని. అడిగితే విసుక్కునే చోట పని చేయించుకోకపోవడమే మేలు.

పళ్ల డాక్టర్ల పీజీ చదువైన ఎం.డి.ఎస్.లో ఇంప్లాంట్లకని ప్రత్యేకంగా ఒక విభాగం లేదు. పళ్లు కట్టే ప్రాస్థోడాంటిస్టులు, చిగుళ్ల డాక్టర్లు, దవడ సర్జన్లు, శిక్షణ తీసుకున్న బీడీఎస్ డాక్టర్లు, అందరూ వేస్తారు. కాబట్టి బోర్డు మీద డిగ్రీ చూసి ఆగిపోకండి. మీలాంటి కేసులు ఎన్ని చేశారు, స్క్రూ ఎవరు వేస్తారు, క్యాప్ ఎవరు పెడతారు, ఊడితే బాధ్యత ఎవరిదని అడగండి.

డబ్బు, స్టిక్కర్, సెలవులు

ప్రకటనలో చెప్పే రేటు చాలాసార్లు ఒక్క స్క్రూకే. స్కాన్, ఎముక పొడి, అబట్‌మెంట్, క్యాప్ అన్నీ కలిపి ఎంతో కాగితం మీద రాయించుకోండి. స్క్రూ పెట్టె మీద కంపెనీ పేరు, సైజు, లాట్ నంబర్ ఉన్న స్టిక్కర్ వస్తుంది. దాన్ని మీ ఫైల్లో అంటించమనండి. పదేళ్ల తర్వాత అబట్‌మెంట్‌ని పట్టి ఉంచే లోపలి చిన్న స్క్రూ వదులైతే, ఆ కంపెనీ పనిముట్టు ఉంటేనే బిగించగలరు. అప్పటికి డాక్టర్ ఊరు మారొచ్చు, మీరూ మారొచ్చు.

అమెరికా, గల్ఫ్ నుంచి సెలవులకు వచ్చి పళ్లు కట్టించుకుని వెళ్లేవాళ్లకు ఆ స్టిక్కర్ మరీ ముఖ్యం. మూడు వారాల సెలవులో మొత్తం అయిపోవాలని పట్టుబట్టకండి. రోజుల్లోనే పళ్లు పెడతామంటే, ఎముక గట్టిగా ఉన్నవాళ్లకు తాత్కాలిక పన్ను వెంటనే పెట్టడం సాధ్యమే, అందరికీ కాదు. ఈసారి వచ్చినప్పుడు స్క్రూ, వచ్చేసారి క్యాప్ అని రెండు ప్రయాణాలుగా ప్లాన్ చేసుకోండి. స్క్రూ వేసిన మర్నాడే విమానం ఎక్కకుండా కుట్లు విప్పేదాకా, అంటే వారం పది రోజులు, ఊళ్లోనే ఉండండి.

నోట్లో ఒక్క పన్నూ లేని పెద్దవాళ్లకు వరసంతా ఇంప్లాంట్లు అక్కర్లేదు. కింది దవడలో రెండు స్క్రూలు వేసి, వాటికి బొత్తాంలా తగులుకునే పళ్ల సెట్టు పెడితే అది జారకుండా నిలుస్తుంది. కింది పళ్లన్నీ పోయినవాళ్లకు మొదట ఆలోచించాల్సింది ఈ పద్ధతేనని 2002లోనే మాంట్రియల్‌లో నిపుణులు తేల్చారు. దీని గురించి మన దగ్గర చాలా తక్కువమందికి చెప్తున్నారు.

ఆ రోజు, ఆ తర్వాత

తిని వెళ్లండి, మామూలు మాత్రలు వేసుకునే వెళ్లండి. ఇంటికొచ్చాక ఆ రోజంతా ఉమ్మకండి, పుక్కిలించకండి, స్ట్రాతో తాగకండి. గడ్డకట్టిన రక్తం కదిలిపోతుంది. బయటనుంచి గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. వాపు రెండు మూడు రోజులకు ఎక్కువై తర్వాత తగ్గుతుంది, కంగారు పడక్కర్లేదు. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లు. చల్లారిన పెరుగన్నం, జావ, మెత్తటి ఇడ్లీ తినొచ్చు. కారం, వేడి వద్దు. మత్తు దిగాక కూడా, అంటే మర్నాడు పొద్దుటికి కూడా, పెదవి గానీ గడ్డం గానీ తిమ్మిరిగానే ఉంటే ఆ రోజే ఫోన్ చేయండి. స్క్రూ నరాన్ని నొక్కుతుంటే త్వరగా వెనక్కి తిప్పాలి. రోజులు గడిచేకొద్దీ స్పర్శ తిరిగి రావడం కష్టమవుతుంది.

క్యాప్ పెట్టేటప్పుడు సిమెంటుతో అంటిస్తారా, స్క్రూతో బిగిస్తారా అని అడగండి. కుదిరితే స్క్రూతోనే బిగించమనండి. చిగురు కింద మిగిలిపోయిన సిమెంటు చుట్టూ వాపు వస్తుంది. పైగా స్క్రూ రకమైతే అవసరమైనప్పుడు విప్పి శుభ్రం చేయొచ్చు.

మన సొంత పన్ను వేరు చుట్టూ సన్నని పొర ఉంటుంది. బియ్యంలో రాయి తగిలితే వెంటనే ఆగిపోయేలా చేసేది అదే. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు, ఎంత గట్టిగా కొరుకుతున్నారో అంతగా తెలియదు. మటన్ బొమికలు, చెరకు గడలు దాంతో కొరకొద్దు. రాత్రి పళ్లు కొరికే అలవాటుంటే పడుకునేటప్పుడు పెట్టుకునే గార్డు చేయించుకోండి. అమ్మ రోజూ రాత్రి ఇంప్లాంట్ పక్క సందుల్లో సీసాబ్రష్‌లాంటి చిన్న బ్రష్ పెట్టి తోముతుంది. ఆరు నెలలకోసారి చూపించుకుంటుంది. తోముతుంటే రక్తం వచ్చినా, క్యాప్ కాస్త తిరిగినట్టు అనిపించినా, నమిలితే టిక్కుమన్నా ఆ వైపు నమలడం ఆపి వెళ్లాలి. చాలాసార్లు లోపలి చిన్న స్క్రూ వదులై ఉంటుంది, పది నిమిషాల్లో బిగిస్తారు. అలాగే నములుతూ పోతే అది లోపలే విరగొచ్చు.