చాక్లెట్ తిన్నాక ఒంట్లో తేడాగా ఉందా? ముందు రేపర్ వెనక్కి తిప్పి చదవండి

చాక్లెట్ తింటే గుండె దడ, కడుపు ఉబ్బరం, తలనొప్పి, చిరాకు అంటూ సలహా కోసం వచ్చేవాళ్ళని చాలాకాలంగా చూస్తున్నాను. ఏ చాక్లెట్, ఎంత తిన్నారు, ఎన్ని గంటలకు తిన్నారు అని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. అన్ని పరీక్షలూ చేయించుకుని వస్తారు గానీ రేపర్ వెనక ఏం రాసుందో మాత్రం చూసి రారు. అది చూడకుండా కారణం దొరకదు, ఎందుకంటే చాక్లెట్ పేరుతో అమ్మేవన్నీ ఒంట్లో ఒకేలా పనిచేయవు.

వైట్ చాక్లెట్‌లో ఉండేది కోకో వెన్న, పాలపొడి, చక్కెర. కెఫీన్ దాదాపు ఉండదు. మిల్క్ చాక్లెట్‌లో 100 గ్రాములకు సుమారు 20 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటే, 70 నుంచి 85 శాతం కోకో ఉన్న డార్క్ చాక్లెట్‌లో 80 దాకా ఉంటుంది. కెఫీన్‌కి దగ్గరి చుట్టమైన థియోబ్రోమిన్ ఆ డార్క్‌లోనే 800 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. కాబట్టి ముందు కోకో శాతం చూడండి. తర్వాత పదార్థాల జాబితాలో మొదటి పేరు చూడండి, ఎక్కువ బరువున్నదే ముందు రాస్తారు. ఆ పైన మీరు తిన్న బరువు, తిన్న వేళ రాసుకోండి. మిగతా మాటలన్నీ ఆ తర్వాతే.

నిద్ర పట్టదు, లేదా తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్ళీ కన్ను మూతపడదు

అన్నిటికన్నా ఎక్కువమందిని మోసం చేసేది ఇదే. చక్కెర మానేద్దామని, గుండెకి మంచిదని విని మిల్క్ చాక్లెట్ నుంచి డార్క్‌కి మారతారు. రాత్రి భోజనం అయ్యాక నాలుగు ముక్కలు తింటారు. కొన్నాళ్ళకి నిద్ర చెడుతుంది. అప్పుడు ఆఫీసు టెన్షన్ అంటారు, ఫోన్ అంటారు, వయసు అంటారు. ఆరోగ్యం కోసం తింటున్న దాని మీద అనుమానం రాదు. సాయంత్రం కాఫీ కూడా మానేశామని గట్టిగా చెబుతారు. నిజంగానే మానేసి ఉంటారు. కానీ 40 గ్రాముల డార్క్‌తో 30 మిల్లీగ్రాముల పైన కెఫీన్, 300 మిల్లీగ్రాముల పైన థియోబ్రోమిన్ పడుకోబోయే ముందు లోపలికి వెళుతున్నాయి.

మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే రసాయనం పేరుకుంటూ ఉంటుంది. అది తన గ్రాహకాల మీద చేరేకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ అడెనోసిన్ కంటే ముందే వెళ్ళి ఆ చోట్లలో కూర్చుంటుంది. థియోబ్రోమిన్ కూడా అదే పని చేస్తుంది, కాకపోతే మెదడు మీద దాని బలం తక్కువ. దాని ప్రభావం గుండె వేగం మీద, మూత్రం మీద కొంత ఎక్కువ. అర్ధరాత్రి బాత్రూమ్‌కి లేవడానికి ఒక్కోసారి ఇదీ తోడవుతుంది.

అసలు చిక్కు ఇవి ఒంట్లో ఎంతసేపు ఉంటాయన్నది. తీసుకున్న కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. థియోబ్రోమిన్‌కి 7 నుంచి 12 గంటలు. రాత్రి తొమ్మిదింటికి తింటే తెల్లవారుజామున నాలుగింటికి కూడా సగం థియోబ్రోమిన్ రక్తంలోనే ఉంటుంది. కాఫీ తాగితే వచ్చే చురుకు ఇక్కడ తెలియదు కాబట్టి ఏమీ జరగలేదనుకుంటాం. చాలామందికి నిద్ర పడుతుంది కూడా. అలసట వల్ల మొదటి గంటలు గడిచిపోతాయి, ఆ తర్వాతే నిద్ర పలచబడి తెగిపోతుంది. తిన్నదానికీ మెలకువకీ మధ్య అంత ఎడం ఉంటే రెండిటినీ కలిపి చూడడం ఎవరికైనా కష్టమే.

ఇది మనిషికీ మనిషికీ మారుతుంది. కెఫీన్‌ని విరగ్గొట్టే కాలేయపు ఎంజైమ్ కొందరిలో వేగంగా, కొందరిలో నెమ్మదిగా పనిచేస్తుంది. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే కెఫీన్ ఒంట్లో ఉండే సమయం దాదాపు రెట్టింపవుతుంది. గర్భం చివరి నెలల్లో ఇంకా పెరుగుతుంది. ఇంట్లో మిగతావాళ్ళు అంతే తిని హాయిగా పడుకుంటున్నారన్నది మీకు వర్తించే రుజువు కాదు.

చాక్లెట్ బార్ ఒక్కటే లెక్కపెట్టి ఆగిపోవద్దు. పడుకునే ముందు నిద్ర కోసమని తాగే వేడి కోకో పాలు, బ్రౌనీ, చాక్లెట్ ఐస్‌క్రీమ్, చాక్లెట్ రుచి ఉన్న ప్రొటీన్ పొడి అన్నీ లెక్కలోవే. తీపి కలపని కోకో పొడి ఒక్క పెద్ద చెంచాలో 100 మిల్లీగ్రాముల దాకా థియోబ్రోమిన్ ఉంటుంది.

పరిష్కారం: ఒక వారం మధ్యాహ్న భోజనం తర్వాత చాక్లెట్, కోకో ఏ రూపంలోనూ ముట్టుకోకండి. ఇంకేమీ మార్చకండి. దయచేసి ఈ మాట పట్టించుకోండి. అదే వారంలో ఫోన్ దూరం పెట్టి, వ్యాయామం మొదలుపెట్టి, టీ కూడా తగ్గిస్తే నిద్ర దేనివల్ల బాగుపడిందో తెలియదు. రెండో వారం అంతే చాక్లెట్‌ని మధ్యాహ్న భోజనంతో తినండి. నిద్ర బాగానే ఉంటే తప్పు వేళదే, చాక్లెట్ మానేయాల్సిన పనిలేదు. మొదటి వారంలోనే ఏ తేడా లేకపోతే చాక్లెట్‌ని వదిలేసి వేరే కారణం వెతకండి.

పగటి పూట గుండె దడ, చేతుల వణుకు ఉంటే కాఫీ, టీ, ఎనర్జీ డ్రింకు, డార్క్ చాక్లెట్ అన్నీ ఒకే ఖాతాలో వేసి కూడండి. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ళకి రోజుకు 400 మిల్లీగ్రాములు, గర్భిణులకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ వరకు ఫర్వాలేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. లెక్క అందులోపే ఉండి కూడా దడ తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకోండి.

గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు

అన్నవాహిక కింద ఉండే కండరపు బిగింపును చాక్లెట్ వదులు చేస్తుంది. కొవ్వు ఎక్కువ కాబట్టి కడుపు కూడా నెమ్మదిగా ఖాళీ అవుతుంది. తిన్న వెంటనే వెల్లకిలా పడుకుంటే ఆమ్లం పైకి తన్నుతుంది. రాత్రి మెలకువలకి ఇది రెండో దారి. పడుకోవడానికి కనీసం మూడు గంటల ముందే తినడం ఆపండి. మాత్రలు దాని తర్వాతే.

తిన్నాక కాసేపు ఉత్సాహం, ఆ వెంటనే నీరసం, మళ్ళీ తినాలనిపించడం

జాబితాలో మొదటి పేరు చక్కెర అయితే, అదీ ఖాళీ కడుపున తింటే, కారణం అదే. భోజనం తర్వాత తినండి, ముక్కలు విరిచి పక్కన పెట్టుకుని రేపర్ మూసేయండి. చాక్లెట్‌లో ఉండే ఫినైల్‌ఇథైలమైన్ వల్ల మనసు తేలికవుతుందని చాలాచోట్ల రాస్తుంటారు. అది మెదడుకి చేరేలోపే ఎంజైమ్‌లు దాన్ని చాలావరకు విరగ్గొట్టేస్తాయి. 1994లో మిచెనర్, రోజిన్ అనే పరిశోధకులు చాక్లెట్ మీద మనసుపడిన వాళ్ళకి కోకో నింపిన క్యాప్సూల్స్ మింగించి చూశారు. కోరిక తీరలేదు. కోకో ఘనపదార్థం లేని వైట్ చాక్లెట్‌తో కొంత తీరింది. అంటే వెతుక్కుంటున్నది నోట్లో కరిగే ఆ తీపి, వెన్న, వాసనలనే. అందుకే గబగబా నమిలి మింగితే ఎంత తిన్నా చాలదు. చిన్న ముక్కని నాలుక మీద కరగనివ్వండి.

నిద్ర చాలనప్పుడు తీపి మీదకి మనసు మరింత లాగుతుంది. రాత్రి చాక్లెట్ వల్ల నిద్ర చెడి, నిద్ర లేక పగలు చాక్లెట్ తినేవాళ్ళు పైన చెప్పిన రెండు వారాల పరీక్షతోనే మొదలుపెట్టాలి.

తలనొప్పి

మైగ్రేన్ ఉన్నవాళ్ళలో నొప్పి మొదలవడానికి కొన్ని గంటల ముందే తీపి తినాలనిపించడం ఆ మైగ్రేన్ లక్షణమే కావచ్చు. చాక్లెట్ తిన్నందుకు నొప్పి వచ్చిందో, రాబోయే నొప్పి చాక్లెట్ తినిపించిందో ముందు తేల్చుకోవాలి. నొప్పి లేని రోజుల్లో కూడా చాక్లెట్ తిన్నారా అని రాసుకుంటే తేలిపోతుంది.

కడుపు ఉబ్బరం, విరేచనాలు

షుగర్‌ఫ్రీ చాక్లెట్ తింటున్నారా? రేపర్ మీద మాల్టిటాల్ (చక్కెర బదులు వేసే తీపి పదార్థం) అని ఉందేమో చూడండి. అది పూర్తిగా జీర్ణం కాదు, పేగుల్లో పులిసి గ్యాస్ అవుతుంది. పరిమాణం తగ్గించండి, లేదా మామూలు చాక్లెట్ కొద్దిగా తినండి.

మిగతావి

రక్తహీనత ఉండి ఐరన్ మాత్రలు వాడేవాళ్ళు వాటితో పాటే కోకో తీసుకోవద్దు, ఐరన్ ఒంటికి తక్కువగా అందుతుంది. ఆక్సలేట్ రాళ్ళు వచ్చే కిడ్నీలున్నవాళ్ళు డార్క్ తగ్గించుకోవాలి. ఆస్తమాకి థియోఫిలిన్ వాడుతుంటే డాక్టర్‌ని అడగండి. కోకోకే అలర్జీ అన్నది చాలా అరుదు, సాధారణంగా అందులో కలిసిన పాలు, వేరుశనగ, ఇతర గింజల వల్లే వస్తుంది. పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా రేపర్ చదువుతూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి, రేపర్ మాత్రం వెంట తీసుకెళ్ళండి.